నల్లబల్ల నుంచి నాలుగు కోట్ల అంకెల దాకా
అమెరికాలో మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ

1903 అక్టోబరు 31న న్యూయార్క్ నగరంలో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం జరిగింది. ఆనాటి కార్యక్రమంలో పెద్ద సంఖ్యలకు కారణాంకాలు కనుక్కోవడం గురించి ఒక ప్రసంగం ఉంది. ప్రసంగించవలసినవాడు కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, సొసైటీ కార్యదర్శి ఫ్రాంక్ నెల్సన్ కోల్. ఆయన లేచి నల్లబల్ల దగ్గరకు వెళ్ళాడు. మాట్లాడకుండా రెండును అరవై ఏడుసార్లు వేసి హెచ్చించి, వచ్చినదానిలోంచి ఒకటి తీసివేశాడు. 147573952589676412927 అని తేలింది. బల్ల మీద ఖాళీగా ఉన్న మరో పక్కన 193707721, 761838257287 అనే రెండు సంఖ్యలు వేసి, బడిపిల్లలు చేసినట్టే నిలువు గుణకారం మొదలుపెట్టాడు. రెండు పక్కలా ఒకటే జవాబు వచ్చింది. సుద్దముక్క కింద పెట్టి, తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. సభ కరతాళ ధ్వనులతో మారుమోగింది. ఎవరూ ఒక్క ప్రశ్నయినా వేయలేదు.

ఈ దృశ్యాన్ని ఇలా వర్ణించినవాడు గణితజ్ఞుడూ రచయితా అయిన ఎరిక్ టెంపుల్ బెల్. ఆయన రాసేనాటికి సభ జరిగి దాదాపు యాభై ఏళ్ళయింది. కథలకు రంగులద్దడం బెల్‌కు అలవాటన్న విమర్శ కూడా ఉంది. కనుక కోల్ నిజంగానే మౌనం పాటించాడా అన్నది పక్కన పెట్టవచ్చు. ఆ గుణకారం మాత్రం సందేహానికి అతీతం. కోల్ వ్యాసం సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. కాగితం, కలం, ఒక గంట తీరిక ఉన్నవారెవరైనా ఈనాటికీ దాన్ని సరిచూసుకోవచ్చు. అందుకు కోల్‌ను గాని, బెల్‌ను గాని నమ్మవలసిన పని లేదు. ఆ కారణాంకాలను పట్టుకోవడానికి ఎంతకాలం పట్టిందని తాను అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని కోల్ చెప్పినట్టు కూడా బెల్ రాశాడు. వెతకడానికి మూడేళ్ళు పట్టింది, సరిచూడటానికి ఒక గంట చాలు.

నూట ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత, 2024 అక్టోబరులో, అదే కుటుంబానికి చెందిన మరో సంఖ్య వార్తల్లోకెక్కింది. 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్య అని ప్రకటించారు. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి మూడు వేల అంకెల చొప్పున అచ్చువేస్తే పదమూడు వేల ఆరువందల పేజీలు దాటుతుంది. దీన్ని ఏ సభలోనూ, ఏ నల్లబల్ల మీదా చూపించలేరు. ఏ మనిషీ తన జీవితకాలంలో చేత్తో సరిచూడలేడు. అలాంటప్పుడు అది ప్రధాన సంఖ్య అని ‘తెలిసింది’ అనడంలో అర్థమేమిటి? అమెరికాలో సాగిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ పైకి రికార్డుల చరిత్రలా కనిపిస్తుంది. లోపల అది ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న చరిత్ర.

చదరంగపు గళ్ళు

ఈ కుటుంబానికి చెందిన ఒక సంఖ్య తెలుగువారికి చాలాకాలంగా పరిచితమే. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్ళలోనూ కలిపి 2⁶⁴ − 1 గింజలవుతాయి. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యం ఒకటి ఈ మొత్తాన్ని భూతసంఖ్యల్లో చెబుతుంది. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, శరాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఆ మాటలను అంకెలుగా మార్చి, కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

చివరి అంకె అయిదు కనుక ఇది ప్రధాన సంఖ్య కాదని చూడగానే తెలుస్తుంది. అంకెలు చూడకుండా, బల్ల ఆకారాన్ని బట్టి కూడా ఆ మాట చెప్పవచ్చు. మొదటి వరుసలోని ఎనిమిది గళ్ళలో 255 గింజలుంటాయి. రెండో వరుసలో ప్రతి గడిలోనూ మొదటి వరుసలోని అదే గడికి 256 రెట్లుంటాయి కనుక, ఆ వరుస మొత్తం 255కు 256 రెట్లు. మూడో వరుస దానికి మళ్ళీ 256 రెట్లు. ఏ వరుస తీసుకున్నా 255కు గుణిజమే, కనుక మొత్తం కూడా 255తో భాగింపబడుతుంది. గళ్ళను ఒకటి కంటే ఎక్కువ సమానమైన వరుసలుగా పేర్చగలిగిన ప్రతిసారీ ఈ వాదం చెల్లుతుంది. వరుసలుగా పేర్చలేనప్పుడే, అంటే గళ్ళ సంఖ్య స్వయంగా ప్రధాన సంఖ్య అయినప్పుడే, మొత్తం ప్రధాన సంఖ్య అయ్యే అవకాశముంది.

అది అవకాశం మాత్రమే, హామీ కాదు. గళ్ళు 2, 3, 5, 7 ఉన్నప్పుడు మొత్తాలు 3, 7, 31, 127. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. పదకొండు గళ్ళకు వచ్చే 2047 మాత్రం 23, 89ల లబ్ధం. ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు విరుగుతుంది అన్న ప్రశ్నకు 1644లో పారిస్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి మరాన్ మెర్సెన్ ఒక జాబితా ఇచ్చాడు. ఘాతాంకం 257 దాకా తీసుకుంటే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 లకు మాత్రమే ప్రధాన సంఖ్య వస్తుందన్నాడు. అంత పెద్ద సంఖ్యలను ఆయన లెక్కవేసి చూసి ఉండడని సమకాలికులకూ తెలుసు. అయినా కాదనడానికి ఎవరి దగ్గరా సాధనం లేదు. ఈ సంఖ్యలకు మెర్సెన్ పేరు అలా స్థిరపడిపోయింది.

కోల్ నల్లబల్ల మీద విరగ్గొట్టింది ఆ జాబితాలోని 67ను. మెర్సెన్ మాట పుట్టిన 259 ఏళ్ళకు అది తప్పని అందరి కళ్ళెదుటా తేలింది.

సాక్ష్యం లేని తీర్పు

నిజానికి 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని కోల్ కంటే ముందే ఒకరికి తెలుసు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యుకా 1876లోనే ఆ సంగతి చెప్పాడు. కాని కారణాంకాలు చెప్పలేకపోయాడు. భాగాహారాలతో పని లేకుండా సంఖ్య స్వభావాన్ని తేల్చే కొత్త పరీక్ష ఒకటి ఆయన కనిపెట్టాడు. దాన్ని ఈనాటి సరళమైన రూపానికి తెచ్చినవాడు అమెరికన్ గణితజ్ఞుడు డెరిక్ హెన్రీ లేమర్. అందుకే దాన్ని ల్యుకా-లేమర్ పరీక్ష అంటారు.

పరీక్ష చేయడం తేలిక. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షించదలచిన సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువసార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. 31 అంటే 2⁵ − 1, కనుక మూడుసార్లు చేయాలి. 4 నుంచి 14 వస్తుంది, 14 నుంచి 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గంలోంచి 2 తీసివేస్తే 62, శేషం సున్నా. 31 నెగ్గింది. 2047కు ఇదే పని తొమ్మిదిసార్లు చేస్తే చివరికి 1736 మిగులుతుంది. సున్నా కాదు కనుక 2047 ప్రధాన సంఖ్య కాదు. కాని 1736ను ఎంతసేపు చూసినా అందులో 23 గాని 89 గాని కనిపించవు.

ఇది సాక్ష్యం చూపని తీర్పు. కోల్ ఇచ్చింది సాక్ష్యం, దాన్ని ఎవరైనా విడిగా సరిచూసుకోవచ్చు. ల్యుకా పరీక్ష ఇచ్చేది తీర్పు మాత్రమే. అది సరైనదో కాదో తెలియాలంటే మొత్తం లెక్కను మొదటి నుంచి మళ్ళీ చేయాలి, లేదా చేసినవాడిని నమ్మాలి. సంఖ్య విరిగినప్పుడైనా ఎప్పటికో ఒక కారణాంకం దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. విరగనప్పుడు, ఒక్క గుణకారంతో ముగిసే అలాంటి సాక్ష్యం లేదు. ల్యుకా అదే సంవత్సరం 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. అందులో 39 అంకెలు. మనిషి చేత్తో నిలబెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో అంతకంటే పెద్దది లేదు.

మెర్సెన్ జాబితాలోని మిగిలిన తప్పులు ఒకటొకటిగా బయటపడ్డాయి. రష్యాకు చెందిన పెర్వూషిన్ 1883లో 61ని చేర్చాడు. డెన్వర్ నగరానికి చెందిన ఔత్సాహిక గణితజ్ఞుడు ఆర్. ఇ. పవర్స్ 1911లో 89నీ, 1914లో 107నీ చేర్చాడు. 257 ఘాతాంకంగా గల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1922లో క్రైచిక్ అన్నాడు, 1927లో యువకుడైన లేమర్ విడిగా అదే చూపాడు. మొత్తం అయిదు తప్పులు: ఉండకూడనివి రెండు, ఉండవలసినవి మూడు. జాబితా సరిచూడటం పూర్తిగా ముగిసేసరికి 1947 వచ్చింది. ఒక సన్యాసి ఒక్క వాక్యంలో రాసినదాన్ని పరిష్కరించడానికి మూడు శతాబ్దాలు పట్టింది.

యంత్రం కంటికి కనబడక ముందే

బర్క్లీలో పుట్టి పెరిగిన లేమర్‌కు యంత్రాలంటే మోజు. 1926లోనే సైకిలు గొలుసులతో సంఖ్యలను జల్లెడపట్టే యంత్రం ఒకటి కట్టాడు. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన ఉపాధ్యాయుల చేత రాజకీయ విధేయతా ప్రమాణం చేయించడానికి పట్టుబట్టింది. ఆ వివాదం రగులుతున్న రోజుల్లో లేమర్ బర్క్లీ వదిలి లాస్ ఏంజిలెస్ చేరాడు. అక్కడ యు.సి.ఎల్.ఏ. ప్రాంగణంలో, జాతీయ ప్రమాణాల సంస్థ నడిపే సంఖ్యా విశ్లేషణ కేంద్రానికి సంచాలకుడయ్యాడు. ఆ కేంద్రం దగ్గర ‘స్వాక్’ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఉంది. దాని మెమరీలో 256 సంఖ్యలకే చోటుండేది.

ఆ యంత్రం చేత ల్యుకా-లేమర్ పరీక్ష చేయించే ప్రోగ్రాం రాసినవాడు బర్క్లీలోని రాఫెల్ రాబిన్సన్. ఆయన యంత్రాన్ని చూడలేదు. దాని వివరణ పుస్తకాన్ని ముందు పెట్టుకుని ప్రోగ్రాం రాసి పంపాడు. 1952 జనవరి 30న దాన్ని యంత్రానికి ఎక్కించారు. మొదటిసారే సరిగ్గా నడిచింది. ఆ రోజే 521, 607 ఘాతాంకాలుగా రెండు కొత్త ప్రధాన సంఖ్యలు బయటపడ్డాయి. సంవత్సరం ముగిసేలోగా 1279, 2203, 2281 వచ్చాయి. డెబ్బై అయిదేళ్ళుగా 39 అంకెల దగ్గర ఆగిపోయిన వేట ఏడాది తిరగకుండా 687 అంకెలకు చేరింది.

ఇక్కడి నుంచి రుజువు మనిషి చేతిలోంచి జారింది. కొత్త సంఖ్య దొరికినట్టు మొదట తెలిసేది యంత్రానికే. మనిషికి ఆ వార్త తరవాత అందుతుంది. ఈ తేడా ఎంత విచిత్రంగా ఉండగలదో 1961లో యు.సి.ఎల్.ఏ.లోనే మరొకసారి కనిపించింది. అలెగ్జాండర్ హర్విట్జ్ ఐ.బి.ఎం. 7090 మీద నడిపిన లెక్కలో రెండు ప్రధాన సంఖ్యలు వచ్చాయి. ఘాతాంకాలు 4253, 4423. కాగితాల కట్ట పేర్చిన తీరు వల్ల చివరి ఫలితాలు ముందు కంటబడ్డాయి. ఆయన మొదట 4423ను చూశాడు, కొద్ది క్షణాల తర్వాత 4253ను. మరి 4253 ఒక్క క్షణమైనా ‘తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్య’ అనిపించుకున్నదా? యంత్రం అచ్చువేసినదాన్ని మనిషి చూసేదాకా అది కనుగొన్నట్టు లెక్కా కాదా అని జాన్ సెల్‌ఫ్రిడ్జ్ అడిగాడు. యంత్రానికి తెలుసా లేదా అన్నది అలా ఉంచి, కాగితాలు పేర్చిన ఆపరేటరు వాటి వంక చూసి ఉంటే ఏమనాలని హర్విట్జ్ తిరిగి అడిగాడు. నవ్వులాటగా మొదలైనా ఆ ప్రశ్నకు తేలిక జవాబు లేదు.

తపాలా ముద్ర

1963లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గిలీస్ ‘ఇలియాక్ 2’ అనే కంప్యూటర్‌తో మూడు మెర్సెన్ ప్రధాన సంఖ్యలు కనిపెట్టాడు. వాటిలో పెద్దది 2¹¹²¹³ − 1, అంకెలు 3,376. గణితశాఖవారు ఆ సంతోషంలో తమ ఉత్తరాల మీద పడే తపాలా ముద్రలో ఆ సంఖ్య ప్రధాన సంఖ్య అన్న వాక్యాన్నే చేర్చారు. ఆ ముద్ర 1976 దాకా వాడుకలో ఉంది. ఆ ఏడాది అదే శాఖకు చెందిన కెన్నెత్ ఆపెల్, వుల్ఫ్‌గాంగ్ హాకెన్ ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునని కంప్యూటర్ సాయంతో నిరూపించారు. తపాలా ముద్ర మారింది, నాలుగు రంగులు చాలునని కొత్త వాక్యం వచ్చింది. మనిషి చదివి పూర్తిగా సరిచూడలేని రుజువును రుజువు అనవచ్చునా అని గణితలోకం ఆ తర్వాత చాలాకాలం వాదించుకుంది. మెర్సెన్ సంఖ్యల వేటగాళ్ళు అప్పటికి పాతికేళ్ళుగా ఆ ప్రశ్నతోనే కాపురం చేస్తున్నారు.

1978లో కాలిఫోర్నియాలోని హేవర్డ్‌కు చెందిన ఇద్దరు హైస్కూలు విద్యార్థులు, లారా నికెల్, లాండన్ కర్ట్ నాల్, స్థానిక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ మీద 2²¹⁷⁰¹ − 1ను పట్టుకున్నారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో ఆ వార్త వచ్చింది. మరుసటి ఏడాది నుంచి డేవిడ్ స్లోవిన్‌స్కీ క్రే సూపర్‌కంప్యూటర్ల మీద వరసగా రికార్డులు నెలకొల్పాడు. ఆ పరుగులో ఒకటి జారిపోయింది. 1,32,049 ఘాతాంకానికి, 2,16,091 ఘాతాంకానికి కూడా ప్రధాన సంఖ్యలు దొరికేశాక, 1988లో కోల్క్విట్, వెల్ష్ అనే ఇద్దరు వెనక్కు వెళ్ళి వెతికితే 1,10,503 దగ్గర ఒకటి కనబడింది. పెద్దదాన్ని పట్టుకోవడం ఒక పని, మధ్యలో ఏదీ వదిలిపెట్టలేదని చెప్పగలగడం మరో పని. రెండోదానికి వార్తల్లో చోటు దొరకదు.

యంత్రం తప్పు చెబితే

యంత్రాన్ని నమ్మడమే పద్ధతి అయినప్పుడు, యంత్రమే తప్పితే ఏమవుతుంది? 1994లో దీనికి ఒక నిదర్శనం దొరికింది. వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల ఆచార్యుడు థామస్ నైస్లీ జంట ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాల మొత్తాన్ని లెక్కిస్తున్నాడు. రెండు తేడా ఉన్న ప్రధాన సంఖ్యలు జంటలవుతాయి. వేర్వేరు యంత్రాల మీద వచ్చిన ఫలితాలు పొసగలేదు. నెలల తరబడి ఒక్కొక్క కారణాన్నే కొట్టివేస్తూ పోగా, తప్పు 824633702441, 824633702443 అనే జంట దగ్గర దొరికింది. తప్పు ఆయన ప్రోగ్రాంలో లేదు. ఇంటెల్ వారి కొత్త పెంటియం చిప్ భాగాహారమే కొన్ని సందర్భాల్లో తప్పుతోంది. అక్టోబరు 30న నైస్లీ ఆ సంగతి తోటివారికి రాశాడు. డిసెంబరుకల్లా ఇంటెల్ అడిగినవారందరికీ చిప్ మార్చి ఇస్తామని ప్రకటించింది. ఆ ఖాతాలో రాసుకున్న నష్టం 47.5 కోట్ల డాలర్లు.

నైస్లీ ఆ దోషాన్ని పట్టుకోగలిగింది యంత్రాన్ని నమ్మకపోవడం వల్ల. ఒకే లెక్కను రెండు చోట్ల చేసి పోల్చుకోవడం ఆయన పద్ధతి. పద్నాలుగు నెలల తర్వాత, 1996 జనవరిలో, జార్జ్ వోల్ట్‌మన్ అనే ప్రోగ్రామర్ ‘గింప్స్’ అనే సామూహిక అన్వేషణను ప్రారంభించినప్పుడు ఆ పద్ధతే దానికి పునాది అయింది. ఎవరైనా తమ ఇంట్లోనో ఆఫీసులోనో ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను ఈ పనికి అప్పగించవచ్చు. యంత్రానికొక ఘాతాంకం వస్తుంది. అది రోజుల తరబడి వర్గాలు చేసి, శేషాలు తీసి, చివరి శేషంలో 64 బిట్ల భాగాన్ని కేంద్రానికి పంపుతుంది. తర్వాత మరెవరిదో యంత్రం అదే లెక్కను మొదటి నుంచి చేస్తుంది. రెండు శేషాలూ కలిస్తేనే ఆ ఘాతాంకాన్ని కొట్టివేస్తారు.

64 బిట్లే ఎందుకు సరిపోతాయి? ఆ భాగం సున్నా నుంచి 18446744073709551615 దాకా ఏ విలువైనా కావచ్చు. పై అంచు సరిగ్గా చదరంగపు బల్ల మీది గింజల మొత్తం. తప్పు చేసిన రెండు యంత్రాలు యాదృచ్ఛికంగా ఒకే శేషం చెప్పాలంటే, అన్ని గింజల రాశిలోంచి ఇద్దరు కళ్ళు మూసుకుని ఒకే గింజను తీసినట్టవ్వాలి. యంత్రాలను విడివిడిగా నమ్మవలసిన అవసరం అక్కడితో తీరిపోయింది. ఒకరినొకరు ఎరగని ఇద్దరి సాక్ష్యాలు కలవడమే ప్రమాణమైంది.

ఈ ఏర్పాటు రికార్డులను సామాన్యుల ఇళ్ళకు తెచ్చింది. 1999లో మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్‌కు చెందిన నయన్ హజ్రత్‌వాలా కంప్యూటర్ 20,98,960 అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకుంది. పది లక్షల అంకెలు దాటిన మొదటి ప్రధాన సంఖ్య అదే. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ప్రకటించిన 50,000 డాలర్ల బహుమతి ఆయనకు దక్కింది. కోటి అంకెలు దాటిన మొదటిది 2008లో యు.సి.ఎల్.ఏ. గణితశాఖ కంప్యూటర్లలో దొరికింది. రాబిన్సన్ ప్రోగ్రాం నడిచిన ప్రాంగణమే అది. టెనెసీలో ఫెడెక్స్ ఉద్యోగి జొనాథన్ పేస్ 2017 డిసెంబరులో ఒకటి పట్టుకున్నాడు.

హర్విట్జ్ ప్రశ్న కూడా ఒకసారి తిరిగి వచ్చింది. సెంట్రల్ మిసోరి విశ్వవిద్యాలయంలో కర్టిస్ కూపర్ నడిపే కంప్యూటర్లలో ఒకటి 2015 సెప్టెంబరు 17న 2⁷⁴²⁰⁷²⁸¹ − 1 ప్రధాన సంఖ్య అని కేంద్రానికి నివేదించింది. నిర్వాహకులకు వెళ్ళవలసిన ఈమెయిలు మాత్రం సాంకేతిక దోషం వల్ల వెళ్ళలేదు. ఫలితం దాదాపు నాలుగు నెలలు సర్వర్‌లో పడి ఉంది. 2016 జనవరి 7న మామూలు నిర్వహణ పనుల్లో ఎవరి కంటనో పడింది. కనుగొన్న తేదీగా గింప్స్ జనవరి 7నే నమోదు చేసింది. ప్రకటనలో హర్విట్జ్ ఉదంతాన్ని పూర్వ సంప్రదాయంగా పేర్కొంది. యంత్రానికి తెలియడం తెలియడం కాదని, మనిషి చూసినప్పుడే అది జ్ఞానమవుతుందని ఆ సంస్థ తీర్మానం.

మళ్ళీ నల్లబల్ల దగ్గరికి

ప్రతి లెక్కనూ రెండుసార్లు చేయడమంటే ప్రపంచవ్యాప్తంగా పెట్టిన శ్రమలో సగం అనుమానానికే ఖర్చు కావడం. ఘాతాంకాలు పది కోట్లు దాటాక అది భరించలేని ఖర్చయింది. గింప్స్ ఒక వేరే పరీక్షకు మారింది. 3తో మొదలుపెట్టి వర్గాలు చేస్తూ పోయే ఈ పరీక్ష, సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. లెక్క నడుస్తుండగానే యంత్రం తన తప్పును తాను కనిపెట్టే ఉపాయాన్ని రాబర్ట్ గెర్బిజ్ ఈ పరీక్షకు జోడించాడు. 2018లో క్షిష్టోఫ్ పియెత్‌షాక్ వేరే సందర్భంలో ప్రచురించిన ఒక పద్ధతి అసలు మార్పు తెచ్చింది. 2020 నుంచి గింప్స్ దాన్ని అమలుచేస్తోంది.

ఆలోచన ఇది. ఒక సంఖ్యతో మొదలై, పది కోట్లసార్లు వర్గాలు చేసి, ఫలానా చివరి సంఖ్యకు చేరానని ఎవరో అంటారు. నిజమా అని తేల్చడానికి పది కోట్లసార్లూ తిరిగి చేయనక్కరలేదు. సరిగ్గా సగం దారిలో ఉన్న సంఖ్యను చెప్పమని అడగాలి. ఇప్పుడు రెండు వాదనలున్నాయి: మొదలు నుంచి మధ్యకు అయిదు కోట్లు, మధ్య నుంచి చివరకు అయిదు కోట్లు. వాటిని ఊహించలేని ఒక గుణకంతో కలిపి ఒకే వాదనగా మార్చవచ్చు. ఒక సగంలో మోసమో పొరపాటో ఉంటే కలిపినదానిలోనూ అది మిగులుతుంది. పది కోట్ల ప్రశ్న అయిదు కోట్లయింది. ఇలాగే మళ్ళీ సగం, అందులో సగం చేసుకుంటూ పోతే, చివరికి మిగిలేది మొదటి శ్రమతో పోలిస్తే అతి స్వల్పమైన లెక్క. సరిచూసేవాడు చేయవలసింది అంతే.

2024 అక్టోబరు నాటి సంఖ్య ఈ కొత్త కాలంలో దొరికినది. ఒకప్పుడు ఎన్విడియా సంస్థలో పనిచేసిన, శాన్ హోజే వాసి ల్యూక్ డురంట్ 17 దేశాల్లోని 24 డేటా సెంటర్ ప్రాంతాల నుంచి గ్రాఫిక్స్ ప్రాసెసర్ల కాలాన్ని సమకూర్చుకున్నాడు. అక్టోబరు 11న ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఒక ప్రాసెసర్ ఈ సంఖ్య బహుశా ప్రధాన సంఖ్య కావచ్చునని చెప్పింది. ‘బహుశా’ అన్నమాట గణితంలో చాలదు. కనుక మరునాడు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మరో ప్రాసెసర్ మీద అసలైన ల్యుకా-లేమర్ పరీక్ష ముగించారు. 13 కోట్ల 62 లక్షల పైచిలుకు వర్గాల తర్వాత శేషం సున్నా అయింది. అది కూడా చాలలేదు. వేర్వేరు రచయితలు రాసిన ప్రోగ్రాములతో, వేర్వేరు రకాల యంత్రాల మీద తిరిగి తిరిగి పరీక్షించి, అక్టోబరు 21న లోకానికి చెప్పారు. తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో ఇది 52వది.

ఈ సంఖ్య దేనికి పనికివస్తుందన్న ప్రశ్న సహజం. బ్యాంకు లావాదేవీల రహస్యాలను కాపాడే సంకేతాలకు కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు. అవీ ఎవరికీ తెలియనివై ఉండాలి. పేరుమోసిన ఈ సంఖ్య అందుకు పనికిరాదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా అన్న మౌలికమైన ప్రశ్నకు కూడా ఇది జవాబివ్వదు. మిగిలిన ఫలితం మాత్రం తక్కువది కాదు. ఒకరినొకరు చూడని వేలమంది, తప్పులు చేయగల యంత్రాలతో, తప్పులేని ఒక వాక్యాన్ని ఎలా నిలబెట్టవచ్చో ఈ వేట నేర్పింది.

1903లో కోల్ చేసిన పనిలో గొప్పతనం మూడేళ్ళ ఆదివారాలలో లేదు. ఆ శ్రమ ఫలితాన్ని ఎదుటివారు ఒక గంటలో సరిచూసుకునేలా బల్ల మీద పెట్టడంలో ఉంది. యంత్రాలు వచ్చాక ఆ గుణం కొంతకాలం తప్పిపోయింది. ఇప్పుడు ఒక యంత్రం వారాల తరబడి శ్రమించి పంపే ఫలితానికి తోడు, మరో యంత్రం కొద్ది సేపట్లో సరిచూడగల పత్రం కూడా వస్తోంది. అయితే ఆ సౌలభ్యం విరిగిన సంఖ్యల వరకే. విరగని సంఖ్య దొరికిన రోజున ఈనాటికీ లెక్కను మొదటి నుంచి, వేర్వేరు చేతులతో, మళ్ళీ చేస్తారు.